పాత కథల్లో మీరెక్కడున్నారు?

చెన్నై

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

పాత కథల్లో మా సంగతి ఏముంటుందని మీలో చాలామంది అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే. మీరుండేది అంబత్తూరులోనో వేళచ్చేరిలోనో. బళ్ళో తమిళం, ఇంట్లో తెలుగు, ఫోన్లో ఇంగ్లీషు. కథల్లో వాళ్ళేమో చుట్టలు కాలుస్తారు, అణాలు లెక్కపెడతారు. అయినా వాటిల్లో మీరున్నారు. కాకపోతే మీరు వెతికే చోట ఉండరు. అందరూ ముందు కథానాయకుడిలో తమను వెతుక్కుంటారు, అక్కడే తేడా వస్తుంది.

చదివే పద్ధతి ముందు చెబుతాను. ఐదారు పేజీల కథతో మొదలుపెట్టండి. మొదటిసారి పైకి చదవండి, ఆగకుండా, ఫోను పక్క గదిలో పెట్టి. ఇరవై నిమిషాలు చాలు. అర్థంకాని మాట వస్తే దాటేయండి. మర్నాడు పెన్సిలు పట్టుకుని మళ్ళీ చదవండి. అందమైన వాక్యాల కింద గీతలు గీయకండి, ఆ పని టీచర్లు చేస్తారు. ఎవరు అబద్ధమాడారు, ఎవరికి సిగ్గేసింది, డబ్బు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్ళింది, కోపం ఎవరి మీద పడింది, అక్కడ గీయండి.

గురజాడ అప్పారావు గారి 'దిద్దుబాటు' తీసుకోండి. 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వచ్చింది. గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చి తలుపు కొడతాడు. లోపల భార్య కమలిని కనపడదు, ఉత్తరం కనపడుతుంది. రోజూ మీటింగులని చెప్పి అతను వెళ్ళింది వేరే చోటికని ఆవిడకి తెలిసిపోయింది. ఇక్కడే చాలామంది ఆగిపోయి, "తప్పు చేసిన మొగుడు, బుద్ధి చెప్పిన పెళ్ళాం" అని తేల్చేస్తారు. నిజమే గాని, అది మీ జీవితం కాదు. మీకింకా మొగుళ్ళూ లేరు, పెళ్ళాలూ లేరు.

పెన్సిలు పెట్టాల్సింది రాముడి దగ్గర. రాముడు ఆ ఇంట్లో నౌకరు. గోపాలరావుకి భార్య కనపడలేదన్న కంగారు, దానికి తోడు కోపం. ఆ రెండూ కలిసి గుద్దై రాముడి వీపు మీద పడతాయి. ఒక్క వాక్యం, ఇట్టే దాటిపోతుంది. ఆ గోపాలరావు దుర్మార్గుడేం కాదు, ఆడవాళ్ళ చదువు గురించి మంచి మాటలు చెప్పే మనిషే. పరీక్షలో మార్కులు పోయిన రోజు మీరు తలుపు ఎవరి ముఖాన వేశారు? చెల్లెలి మీద అరిచారా, లిఫ్టు దగ్గర వాచ్‌మన్ మీదా? తిరిగి ఒక మాట అనలేని వాళ్ళనే ఎందుకు చూసుకున్నారు? ఇంకో సంగతి. ఉత్తరంలో రాసినట్టు కమలిని పుట్టింటికి పోలేదు, మంచం కిందే ఉండి అంతా వింటోంది. ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు మనం ఎలా మాట్లాడతామో కూడా ఆ కథలోనే ఉంది.

చాసో అనే చాగంటి సోమయాజులు గారి 'ఎందుకు పారేస్తాను నాన్నా' మీ వయసు పిల్లాడి కథ. కృష్ణుడి చదువు ఆగిపోయింది, ఇంట్లో డబ్బు లేదు. వాళ్ళ నాన్న చుట్టలు కొనుక్కురమ్మని బజారుకి పంపిస్తాడు. దారిలో బడి ఉంది. తోటి పిల్లలు చూస్తారేమో, అడుగుతారేమో! ఆ సిగ్గుకి అణాలైనా ఒకటే, జీపే అయినా ఒకటే. క్లాసంతా టూరుకి డబ్బు కట్టినప్పుడు "నాకు ఇష్టం లేదు మిస్" అని తప్పుకునే పిల్లకి ఈ కథ ఎవరూ వివరించక్కర్లేదు.

మీరు ఆ పిల్ల కాకపోతే? అప్పుడూ కథలో మీకు చోటుంది. దారిలో ఎదురయ్యే తోటి పిల్లలు మీరే. "ఏరా, బడికి రావట్లేదేం?" అని పదిమందిలో అడగడం పలకరింపే, చెడుబుద్ధి కాదు. అవతలివాడికి మాత్రం అది సూదిలా దిగుతుంది. ఇక తండ్రి. ఫీజుకి లేని డబ్బు చుట్టలకి ఎలా వచ్చిందని మీకు కోపం రావాలి, రానివ్వండి. ఆ కోపంతోనే చివరిదాకా చదవండి. చివర ఏమవుతుందో నేను చెప్పను.

ఇలాంటి కథల్లో డబ్బు లెక్క తెలియకపోతే సగం పోతుంది. రూపాయికి 16 అణాలు. బేడ అంటే రెండణాలు, పావలా అంటే నాలుగు. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 పైసలయ్యాయి. అయితే అప్పటి అణాని ఇప్పటి రూపాయల్లోకి మార్చే పని పెట్టుకోకండి. అదే కథలో ఇంకో వస్తువు ధరో ఎవరి జీతమో ఉందేమో చూసి దానితో పోల్చండి. అలాగే తరగతులు: ఫస్టు ఫారం అంటే మీ ఆరో తరగతి, ఫోర్తు ఫారం అంటే తొమ్మిదో తరగతి.

యాస ఇంకో అడ్డం. చాసోదీ గురజాడదీ విజయనగరం. మీ ఇళ్ళల్లో ఎక్కువగా నెల్లూరు మాట, చిత్తూరు మాట. కంటితో చదివితే కొరుకుడుపడని మాట పైకి అంటే తెలిసిపోతుంది. పేజీకి ఐదు మాటలకన్నా ఎక్కువ తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళని చదవమని మీరు వినండి, అందులో నామోషీ ఏం లేదు. లేదంటే మీ ఇంటి మాటతోనే మొదలుపెట్టండి. నామిని 'పచ్చనాకు సాక్షిగా' చిత్తూరు వైపుది, ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' నెల్లూరు జిల్లావి.

బలవంతపు పోలికలు వద్దు. పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' చదివి, "2015లో మాకూ వరదొచ్చింది, మా కథే" అనేస్తారు కొందరు. ఆ కథకి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది వాన బాగా కురిసిందని కాదు. నియమాలు గిరిగీసుకుని బతికే రావుగారు, తాను ఈసడించుకున్న బిచ్చగత్తెతో కలిసి తుఫానులో చిక్కుకుంటాడు. మీ పోలిక అక్కడ వెతకండి. అది పెద్ద పిల్లలు చదవాల్సిన కథ, పదో తరగతి దాటాక చూడండి.

నెట్‌లో సారాంశం చదివి ఊరుకుంటే ఏమవుతుందంటే, 'దిద్దుబాటు' సారాంశంలో రాముడి వీపు ఉండదు. కథకి నీతి రాయడం కూడా మానండి. దాని బదులు నోటుబుక్కులో నాలుగు లైన్లు: కథలో ఏ మనిషి, ఏ క్షణం, నాకు గుర్తొచ్చిందేమిటి, ఎందుకు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఎవరికీ చూపించక్కర్లేదు. ఏమీ గుర్తు రాకపోతే తేదీ వేసి ఖాళీగా వదిలేసి, రెండేళ్ళాగి మళ్ళీ చదవండి.

పుస్తకాలకి ఇబ్బంది లేదు. ఎగ్మోర్‌లో కన్నెమరా గ్రంథాలయం 1896 నుంచీ ఉంది. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం కాపీ ఒకటి చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. తెలుగు విభాగం ఎక్కడని అడగండి. 'గురజాడ' కింద దొరక్కపోతే 'అప్పారావు' కింద, 'చాసో' కింద లేకపోతే 'సోమయాజులు' కింద చూడండి. పాత ప్రతుల్లో అరసున్నలు కనపడతాయి, వాటిని పలకక్కర్లేదు.

ఇట్లు
మీ పెద్దమ్మ