చార్జరు పెట్టె మీద క్యాన్సర్ మాటేంటి? అపోహలు - వాస్తవాలు

కాలిఫోర్నియాలో అమ్మే ఎలక్ట్రానిక్ సరుకుకు పరీక్షలు చేయించి కాగితాలు సర్దడం నా ఉద్యోగం. కిందటిసారి గుంటూరు పట్టుకెళ్లిన చార్జరు చూసి పిన్ని గాభరా పడింది: "దీని మీద క్యాన్సర్ అని రాసుందేంట్రా? పారేయనా?"

అపోహ: హెచ్చరిక ఉంటే విషం, లేకపోతే సురక్షితం.

రెండూ తప్పే. 1986లో అక్కడి ఓటర్లు నెగ్గించిన ప్రాప్ 65 అనే చట్టం ఏ సరుకునూ నిషేధించదు. జాబితాలోని రసాయనం గీత దాటి ఒంట్లోకి చేరే వీలుంటే ముందే చెప్పమంటుంది. సీసానికి ఆ గీత రోజుకు 0.5 మైక్రోగ్రామ్. లెక్క తేల్చుకోకుండానే, ఎందుకొచ్చిన గొడవని లేబుల్ అంటించేవాళ్లు బోలెడు. 10 మంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న సంస్థకైతే ఈ బాధ్యతే లేదు.

అపోహ: ప్రాప్ 65 కేసులో కంపెనీ రాజీ పడిందంటే ఎవరికో జబ్బు చేసినట్టే.

జబ్బు నిరూపించక్కర్లేదు, చెప్పకపోవడమే ఉల్లంఘన. ప్రజల తరఫున ఎవరైనా దావాకు ముందు 60 రోజుల నోటీసు ఇవ్వొచ్చు. జరిమానా ఒక్కో ఉల్లంఘనకు రోజుకు 2,500 డాలర్ల దాకా ఉంటుంది కాబట్టి కంపెనీలు తొందరగానే దిగొస్తాయి. తప్పు ఒప్పుకోలేదని రాజీపత్రంలోనే రాయించుకుంటాయి కూడా.

అపోహ: ఎక్స్‌ఆర్ఎఫ్ గన్‌తో (ఎక్స్-రేతో మూలకాలను పట్టే చేతి పరికరం) చూశాం, థాలేట్లు లేవు.

ఒక సరఫరాదారు నాతో అన్న మాటే ఇది. తీగ పూతకు వాడే పీవీసీ ప్లాస్టిక్ సహజంగా గట్టిది. అది మెత్తగా వంగాలని డీఈహెచ్‌పీ లాంటి థాలేట్లనే రసాయనాలు కలుపుతారు. అవి ప్లాస్టిక్‌తో రసాయనికంగా అతుక్కోవు, మెల్లగా పైకి ఊరుతాయి. గన్‌కు సీసం, క్లోరిన్ క్షణాల్లో దొరుకుతాయి గానీ థాలేట్ కనబడదు. పూత ఒలిచి, ముక్కలు చేసి, ద్రావకంలో నానబెట్టి, రసాయనాలను విడదీసి గుర్తుపట్టే జీసీ-ఎంఎస్ యంత్రానికి పెట్టాలి. 2007లో పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ మొదటి ఐఫోన్‌ను పరీక్షింపజేస్తే ఇయర్‌ఫోన్ తీగ పూత బరువులో 1.5 శాతం థాలేట్లు తేలాయి. ఎలక్ట్రానిక్ సరుకులో ప్రమాదకర పదార్థాలను కట్టడి చేసే ఐరోపా నిబంధన రోస్. దాని పరిమితుల్లోకి ఇవి వచ్చింది 2019లోనే, అందుకే పాత రోస్ పత్రాలు ఇక్కడ పనికిరావు.

అపోహ: రాజీ సొమ్ములో కొన్నవాళ్లకూ వాటా.

పైసా రాదు. జరిమానాలో 75 శాతం రాష్ట్రానికి, 25 శాతం నోటీసిచ్చినవారికి. లాయరు ఫీజులు వేరే, చాలాసార్లు జరిమానా కంటే అవే ఎక్కువ. అది నాకూ మింగుడుపడదు. అయినా రాజీపత్రం చేతికొస్తే నేను ముందు వెతికేది డాలర్లు కాదు, పూతలో డీఈహెచ్‌పీ 0.1 శాతం మించరాదనే వాక్యం. ఫ్యాక్టరీలో పూత తయారీ మారేది దానివల్లే.

పిన్నికి మాత్రం ఇంతే చెప్పాను: "పారేయకు. బుడ్డోడు తీగ నోట్లో పెట్టుకోకుండా చూడు."