రిజిస్టర్‌లో సంతకం పెడితే ఒప్పుకున్నట్టేనా? కాలుష్యం, ప్రజాభిప్రాయ సేకరణ: అపోహలు - వాస్తవాలు

గాలి శాంపిల్ తీసే మిషన్‌ను ఎవరి డాబా మీదికి ఎక్కించినా మొదటి ప్రశ్న ఒకటే: "సారూ, ఇది భూముల సర్వేనా?" కాదు. అది 24 గంటలు గాలిని పీల్చి, దుమ్మును ఫిల్టర్ పేపర్ మీద పట్టే మిషన్. తర్వాత ఆ పేపర్‌ను తూకం వేస్తాం, అంతే. హనుమకొండలో ఉంటూ భూపాలపల్లి, పెద్దపల్లి, కరీంనగర్ వైపు తిరిగి క్వారీలు, ఫ్యాక్టరీల ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టుల కోసం గాలి లెక్కలు తీయడం పద్నాలుగేళ్లుగా నా పని. ఫీజు కంపెనీ వాళ్లే ఇస్తారు, అందులో దాచేదేం లేదు. కాబట్టి నా మాట నమ్మాలనిపించకపోతే ఈఐఏ నోటిఫికేషన్ 2006 తెచ్చుకుని నాలుగో అనుబంధం చదవండి, ప్రజాభిప్రాయ సేకరణ పద్ధతి గురించి నేను చెప్పబోయేది అందులో ఉంది.

ఊళ్లను అన్నిటికన్నా ఎక్కువ ముంచుతున్న అపోహ: "ప్రజాభిప్రాయ సేకరణకు పోయి సంతకం పెడితే ప్రాజెక్టుకు ఒప్పుకున్నట్టే, అందుకే ఎవరూ పోవద్దు."

ఈ భయం ఊరికే పుట్టలేదు. భూసేకరణలో ఏ కాగితమో చదవకుండా సంతకం పెట్టి దెబ్బతిన్న వాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు, వాళ్లను తప్పు పట్టలేం. కానీ ఇది ఆ కాగితం కాదు. ఇది ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు ఊరివాళ్ల మాట వినే సభ. ఇక్కడ సంతకం పెట్టేది హాజరు పట్టీలో. వచ్చారని రాసుకోవడమే తప్ప ఒప్పుకున్నారని కాదు. ఇంకో మాట, ఈ సభకు కోరం లేదు. ఇంతమంది వస్తేనే మొదలుపెట్టాలన్న రూలే లేదు. ఊరంతా ఇంట్లో కూర్చున్నా, టెంటు కింద పదిమందే ఉన్నా సభ జరుగుతుంది, వీడియో తీస్తారు, మాట్లాడింది రాసిన మినిట్స్ పైకి పోతాయి. బహిష్కరణ ఫొటో పేపర్‌లో వస్తుంది గానీ మీ బాధ మాత్రం మినిట్స్‌లోకి ఎక్కదు.

ఒక సభ నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంటుంది. ఊరు ఊరంతా నినాదాలు చేసి, కుర్చీలు ఎత్తేసి వెళ్లిపోయింది. మిగిలిన కొద్దిమందీ ఉద్యోగాలు కావాలన్నారు. సాయంత్రం మినిట్స్ చదివి వినిపిస్తే అందులో ఉన్నది ఉద్యోగాల మాటే. రాసినాయన అబద్ధం రాయలేదు, ఆయన చెవిన పడింది అదే మరి. ఇంకో సభలో ఒక అక్క మైక్ పట్టుకుని, "మా పత్తి చేను రోడ్డు పక్కనే ఉంది, ఇప్పుడున్న లారీలకే పత్తి ఎర్రగైతున్నది, కొనేటోళ్లు రేటు కోస్తున్నరు, మీ లారీలు గూడ వస్తే నేనేం గావాలె?" అని కూర్చుంది. ఒక్క నిమిషం కూడా మాట్లాడలేదు. తర్వాత అనుమతిలో లారీలకు టార్పాలిన్, ఆ రోడ్డుకు తారు, రోజూ నీళ్లు కొట్టడం షరతులుగా వచ్చాయి. అన్నీ సరిగ్గా అమలవుతున్నాయా అంటే, నీళ్ల ట్యాంకర్ కోసం ఇప్పటికీ గొడవ పడాల్సి వస్తోంది. కానీ గొడవ పడటానికి చేతిలో కాగితం ఉంది కదా.

ఇదేమీ ఓట్ల లెక్క కాదు. వందమంది వద్దంటే ఆగిపోదు, వందమంది కావాలంటే వచ్చేయదు. లేవనెత్తిన ప్రతి విషయానికీ కంపెనీ జవాబు రాసివ్వాలి, ఆ పట్టిక తెలుగులోనూ ఇంగ్లీష్‌లోనూ మినిట్స్‌కు జతపడుతుంది, అనుమతి విషయం చూసే నిపుణుల కమిటీ దాన్ని ముందు పెట్టుకునే కంపెనీని అడుగుతుంది. అందుకే "కాలుష్యం వద్దు" అని ఊరుకోకుండా మీ బావి ఎంత దూరం, ఎండాకాలం గాలి ఎటు నుంచి కొడుతుంది, బడి ఎటుంది అని చెప్పండి. సభకు కనీసం 30 రోజుల ముందు పేపర్ ప్రకటన వస్తుంది. రిపోర్టు సారాంశం తెలుగులో కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో పెట్టాలి. మైక్ అంటే టెన్షన్ ఉన్నవాళ్లు రాసి పీసీబీకి (కాలుష్య నియంత్రణ మండలికి) ఇవ్వండి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి.

ఇక మిగతావి గబగబా.

"డ్రాఫ్ట్ వచ్చింది, అంటే చట్టం అయిపోయింది" అని వాట్సాప్‌లో తిప్పుతుంటారు. డ్రాఫ్ట్ అంటే కొత్త రూల్ ముసాయిదా, అది పెట్టేదే అభిప్రాయం చెప్పమని. ఇలాంటి ముసాయిదాలకు మామూలుగా గెజిట్ తేదీ నుంచి 60 రోజుల గడువు ఉంటుంది. 2020 మార్చి నాటి ఈఐఏ డ్రాఫ్ట్‌కు అభిప్రాయాలు లక్షల్లో వెళ్లాయి, ఢిల్లీ హైకోర్టు గడువును ఆగస్టు 11 దాకా పెంచింది. పైన చెప్పిన ఆ 30 రోజుల నోటీసును 20కి కుదించాలన్నదీ ఆ డ్రాఫ్టే. ఎంతమందికి తెలుసు?

"గాలి రూల్స్ హైదరాబాద్‌కే." కాదండీ. 2009 ప్రమాణాల ప్రకారం పీఎం 10 (సన్నటి దుమ్ము) అయితే 24 గంటల సగటు ఘనమీటరు గాలికి 100 మైక్రోగ్రాములు, పీఎం 2.5 (ఇంకా సన్నటిది) అయితే 60 దాటకూడదు. పట్నమైనా పల్లైనా అదే లెక్క.

రామగుండం, చెల్పూరు బొగ్గు కరెంటు ప్లాంట్లలో పెద్ద గోపురాల్లాంటి వాటి నుంచి తెల్లగా లేచేదాన్ని ఫొటో తీసి "విషం" అని పంపిస్తారు. అవి కూలింగ్ టవర్లు, అది నీటి ఆవిరి. అడగాల్సింది పక్కనున్న సన్నటి పొడుగు చిమ్నీ గురించి. దాని నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ కంటికి కనపడదు. 2015 డిసెంబర్‌లో దానికి పరిమితులు పెట్టారు, గడువులు పొడిగిస్తూ వచ్చి 2025 జూలైలో చాలా ప్లాంట్లకు సడలించారు. ఇంత పెద్ద మార్పు గురించి మా వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క మెసేజ్ రాలేదు, ఆవిరి ఫొటోలు మాత్రం వారానికోటి.

మామూలు రైస్ మిల్లుకు ఈ సభ ఉండదు. దానికి పీసీబీ ఇచ్చే సీఎఫ్ఈ (పెట్టడానికి అనుమతి), సీఎఫ్ఓ (నడపడానికి అనుమతి) మాత్రమే. ఊక బూడిద ఇంట్లో పడుతుంటే సభ కోసం చూడకుండా తేదీలు రాసుకుని నేరుగా పీసీబీకి ఫిర్యాదు ఇవ్వండి.

సభ అయిపోయింది, వెళ్లలేదు, ఇప్పుడెట్లా అని అడిగేవాళ్లకు: మినిట్స్ మీ పంచాయతీ ఆఫీసులో అందరికీ కనపడేలా పెట్టాలి. వాటి మీద అభ్యంతరముంటే అనుమతి ఇచ్చే సంస్థకు నేరుగా రాయొచ్చు. అనుమతి వచ్చేసినా దాని మీద ఎన్జీటీకి (జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు) 30 రోజుల్లో అప్పీలు ఉంది, మనకు చెన్నై బెంచ్. కాబట్టి ఈ రోజే పంచాయతీ గోడ చూసి రండి. లేకపోతే, ఎందుకు పెట్టలేదని కార్యదర్శిని కాగితం మీదే అడగండి.