టెస్టు చేయించకముందే గోధుమ మానకండి: సీలియాక్ మీద అపోహలు - వాస్తవాలు

పోయిన వారం ఒకే రోజు ముగ్గురొచ్చారు. ముగ్గురిదీ ఒకటే మాట: "నెలయ్యింది సార్, గోధుమ మానిపించేశాం. ఇప్పుడు ఆ గ్లూటెన్ టెస్టేదో రాయండి." ఈ మాట వింటే నాకు పెన్ను ముందుకు కదలదు. గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీలో ఉండే ఒక ప్రోటీన్. అది తిన్నప్పుడు కొందరి ఒంట్లో రోగనిరోధక శక్తి తిరగబడి సొంత పేగునే దెబ్బతీస్తుంది. ఆ జబ్బే సీలియాక్.

ఒడిశాలోని రాయగడలో పిల్లల డాక్టరుగా కూర్చుని పదిహేనేళ్ళు దాటింది. ఓపీలో సగం మంది తెలుగువాళ్ళు, మిగతావాళ్ళు ఒడియా, కువి మాట్లాడతారు. భాష ఏదైనా వరస మాత్రం ఒకటే. ముందు ఫోన్‌లో వీడియో, తరవాత గోధుమ బంద్, అదయ్యాక డాక్టరు.

అపోహ: "ముందు మానేసి చూద్దాం. తగ్గితే అదే జబ్బు. టెస్టు తరవాతైనా చేయించుకోవచ్చు."

నేను చూసిన అపోహల్లో పిల్లల్ని ఎక్కువ ఏడిపించింది ఇదే. సీలియాక్‌కి మొదట చేసే టీటీజీ ఐజీఏ అనే రక్త పరీక్ష గ్లూటెన్‌ని వెతకదు. గ్లూటెన్ లోపలికి వెళ్తున్నప్పుడు ఒంట్లో పుట్టే యాంటీబాడీలను వెతుకుతుంది. గోధుమ ఆపితే అవి వారాల్లో, నెలల్లో తగ్గిపోతాయి. దెబ్బతిన్న పేగు లోపలి పొర కూడా మెల్లగా మానుతుంది. అప్పుడు రక్తం తీస్తే రిపోర్టు నార్మల్ అని రావచ్చు. దొంగని మనమే తరిమేసి, కుక్క మొరగట్లేదు కాబట్టి అసలు దొంగే రాలేదని రాసుకున్నట్టు ఉంటుంది.

ఇక "తగ్గితే అదే జబ్బు" అన్న మాట. గోధుమ మానేసిన ఇంట్లో దాంతోపాటు బిస్కెట్లు, బేకరీ సరుకు, బజారు పూరీలు కూడా పోతాయి. వాటితో కడుపు ఉబ్బరం ఎవరికైనా తగ్గుతుంది. పైగా గోధుమలో గ్లూటెన్ కాకుండా గ్యాస్ పుట్టించే పిండిపదార్థాలు వేరే ఉన్నాయి. మన వైపు నీళ్ళతో వచ్చే జియార్డియా అనే పేగు పరాన్నజీవి ఉంది, నులిపురుగులున్నాయి, పేగు టీబీ ఉంది. వీటిలో ఏదో ఒకటి లోపల పెట్టుకుని, "గోధుమ మానేశాం, కాస్త నయం" అంటూ ఆరు నెలలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

గుణుపూర్ వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పదమూడేళ్ళు. ఎత్తు చూస్తే తొమ్మిదేళ్ళ పిల్లలా ఉంది. హిమోగ్లోబిన్ 7. రెండేళ్ళుగా ఐరన్ టానిక్ తాగుతూనే ఉంది. మన ప్రాంతంలో రక్తం తక్కువంటే ముందు సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు ఉందేమో చూస్తారు, చూడాల్సిందే. చూశారు, లేదు. నులిపురుగుల మందు రెండుసార్లు ఇచ్చారు. విరేచనాలు ఏనాడూ లేవు కాబట్టి సీలియాక్ అన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నోట్లో పుళ్ళు, నీరసం, ఎదగకపోవడం, అంతే. ఐరన్‌కి లొంగని రక్తహీనత, ఆగిపోయిన ఎత్తు, ఆలస్యమైన రజస్వల, ఒక్కోసారి జబ్బు ఈ రూపంలోనే వస్తుంది.

వాళ్ళ చుట్టం ఒకాయన చెబితే రెండు నెలల క్రితం గోధుమ ఆపేశారట. పిల్ల ముఖంలో కళ వచ్చింది. అప్పుడు నా దగ్గరికి తెచ్చారు. టీటీజీ నార్మల్. ఒంట్లో ఐజీఏ అనే యాంటీబాడీ మొత్తం ఎంతుందో కూడా చూశాను, ఎందుకంటే పుట్టుకతోనే ఐజీఏ తక్కువున్న వాళ్ళలో టీటీజీ ఐజీఏ చూపించదు. అదీ బాగానే ఉంది. ఇక మిగిలింది ఒక్కటే దారి. మళ్ళీ గోధుమ తినిపించాలి. రోజుకి రెండు మూడు చపాతీలు, ఆరు నుంచి ఎనిమిది వారాలు.

ఈ మాట ఒక తల్లికి చెప్పి చూడండి. ఆవిడ నా వైపు కాసేపు చూసి, "బాగయిన పిల్లకి మళ్ళీ అదే పెట్టమంతారేటి బాబూ?" అంది. పక్కన అమ్మమ్మ ఏమీ అనకుండా చెంగుతో పిల్ల నుదురు తుడుస్తోంది. నాకు సమాధానం తెలుసు గానీ నోరు పెగల్లేదు.

మూడో వారంలో నోటి పుళ్ళు తిరగబెట్టాయి. రాత్రి పదింటికి ఫోన్. ఇంకెంత కాలం అని అడుగుతోంది ఆవిడ. మరీ తట్టుకోలేకపోతే ముందే ఆపి టెస్టు చేద్దామన్నాను. పిల్లే "ఉంటాను" అందట. ఎనిమిదో వారంలో రక్తం తీస్తే టీటీజీ ల్యాబు హద్దుకి పది రెట్లు పైన. విశాఖ వెళ్ళి ఎండోస్కోపీ చేయించుకున్నారు. చిన్నపేగు మొదట్లో తీసిన ముక్కల్లో, మామూలుగా తివాచీ నూగులా నిలబడి ఉండాల్సిన విల్లై అణిగిపోయి చదునుగా ఉన్నాయి. జబ్బు ఖాయం. మొదటి రోజే ఒక్క సూదితో తేలాల్సిన పనికి ఆ పిల్ల రెండు నెలలు చపాతీ నమిలింది, అందులో ఐదారు వారాలు నోటి పుళ్ళతో.

ఈ తప్పు మొదట చేసింది నేనే, ఒప్పుకుంటాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఎనిమిదేళ్ళ అబ్బాయికి, డబ్బు ఖర్చెందుకులే అని, "రొట్టె మానేసి చూడండి" అన్నాను. నయమైంది, వెళ్ళిపోయారు. నాలుగేళ్ళకి మళ్ళీ వచ్చారు. పిల్లాడు అదే ఎత్తులో ఉన్నట్టనిపించింది. మళ్ళీ ఎందుకు తినిపించారని కోప్పడితే వాళ్ళ నాన్న నెమ్మదిగా, "మీరు జబ్బని చెప్పలేదు కదా సార్, చూడమన్నారంతే" అన్నాడు. అందుకే పేరు తేలాలంటాను. పేరు తేలితేనే జీవితాంతం మానడానికి మనసొప్పుతుంది. అన్నకో చెల్లికో టెస్టు చేయిస్తారు. సీలియాక్ ఉన్నవాళ్ళ తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో పది మందికి దాదాపు ఒకరికి ఉంటుంది. థైరాయిడ్, ఎముకల బలం మీద కన్నేసి ఉంచుతాం.

ఇప్పటికే మానేసి, మళ్ళీ తినిపించలేనివాళ్ళకి హెచ్‌ఎల్‌ఏ జన్యు పరీక్ష కొంత పనికొస్తుంది. డీక్యూ2, డీక్యూ8 అనే జన్యువులు రెండూ లేవంటే సీలియాక్ లేదని దాదాపు నమ్మొచ్చు. ఉన్నాయని వస్తే మాత్రం ఏమీ తేలదు. మామూలు జనంలోనే నూటికి ముప్పై, నలభై మందికి అవి ఉంటాయి. ఆ కాగితం పట్టుకుని "మా వాడికి పాజిటివ్" అని ఏడ్చుకుంటూ వచ్చినవాళ్ళని సముదాయించడం నాకు ఒక పనైపోయింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"మనం అన్నం తినేవాళ్ళం, మనకి రాదు." తక్కువే, నిజం. 2016లో అచ్చయిన సర్వే ప్రకారం సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరాదిన సుమారు నూటికి ఒకరిలో, దక్షిణాదిన వెయ్యికి ఒకరిలో కనిపించాయి. కానీ జన్యువులు రెండు చోట్లా ఒకేలా ఉన్నాయి. తేడా కంచంలో ఉంది. మరి మన కంచం ఇప్పుడు ఎలా ఉంది? పొద్దున్న పూరీ, సాయంత్రం టీలో బిస్కెట్, రాత్రి సుగరున్న తాతగారితోపాటు అందరికీ చపాతీ.

"ఇదో కొత్త ఫ్యాషన్ జబ్బు." నెదర్లాండ్స్‌లో డికె అనే పిల్లల డాక్టరు 1944-45 కరువు చలికాలంలో రొట్టె దొరక్క ఈ పిల్లలు కోలుకోవడం, రొట్టె వచ్చాక మళ్ళీ జబ్బుపడటం చూశాడు. 1950లో దాని మీద థీసిస్ రాశాడు. మన ఫోన్లు ఇంకా పుట్టలేదు.

"వందల రకాల తిండికి ఒకే ఐజీజీ టెస్టు." వేలు పోసి చేయించకండి. అది చూసే ఐజీజీ వేరే రకం యాంటీబాడీ, దాంతో సీలియాక్ తేలదు. దాన్ని నమ్మి పాలు, పప్పు, గుడ్డు అన్నీ ఆపేసి ఎండబెట్టిన పిల్లల్ని చూశాను. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

"ఒక్క ముక్కకి ఏమవుతుంది?" చపాతీలో సుమారు 3 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. రోజూ 50 మిల్లీగ్రాములు వెళ్తే చాలు, మూడు నెలల్లో పేగు దెబ్బతింటుందని తేలింది. అంటే చపాతీని అరవై ముక్కలు చేస్తే అందులో ఒకటి.

"చపాతీ మానేశాం సార్, ఉప్మాయే పెడుతున్నాం." బొంబాయి రవ్వ గోధుమే తల్లీ! సేమియా, మైదా గోధుమే. బార్లీ కలిసే మాల్టు పొడులూ వద్దు. ఇడ్లీ రవ్వ బియ్యానిది, దిగుల్లేదు. అరిసెలు, సున్నుండలు, చకుళి పిఠా హాయిగా తినొచ్చు. కకరా పిఠా, గుప్‌చుప్ (పానీపూరీ), మడత కాజా, బొబ్బట్లు కుదరవు. ఛెనాపోడలో రవ్వ పడుతుంది, జాగ్రత్త. ఇంగువ డబ్బా వెనక చదవండి, చాలావాటిలో మైదా కలుపుతారు. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాముల లోపే ఉండాలని మన దేశ నిబంధన. ఆ ఖరీదైన ప్యాకెట్లు మనకి అవసరమూ లేదు. అన్నం, చోడి (రాగి) అంబలి, జొన్న, సామలు మన సంతలోనే ఉన్నాయి.

చోడి అన్నాను కాబట్టి ఒక సంగతి. గుణుపూర్ అమ్మాయికి ఏడాదైనా టీటీజీ పూర్తిగా దిగలేదు. దొంగచాటుగా తింటోందని ఇంట్లో అనుమానం. పిల్ల ఏడుపు. వాళ్ళమ్మ సంచిలోంచి చోడి పిండి తీసి నా బల్ల మీద పెట్టింది, ఇదొక్కటే పెడుతున్నానంటూ. ఎక్కడ ఆడించారని అడిగాను. "మర దగ్గరే బాబూ. ముందు ఎవులివో గోధుమలు ఆడేడు, ఆటి వెనకాల మావి." చిక్కు అక్కడుంది. గోధుమ తరవాత వేరే గింజలు ఒక పోత పోసినంత మాత్రాన మర రాళ్ళ మధ్య గోధుమ పిండి పోదు. అమ్మమ్మ అటక మీంచి తిరగలి దింపించి కడిగి ఎండబెట్టింది. తరవాతి ఆరు నెలల్లో టీటీజీ నార్మల్‌కి వచ్చింది. పిల్ల ఏడు సెంటీమీటర్లు పెరిగింది. ఆ ఇంట్లో సత్యనారాయణ వ్రతం ప్రసాదం కూడా ఇప్పుడు బియ్యపు రవ్వతోనే చేస్తారట. పంతులుగారే సరేనన్నారట.

టెస్టుకి వచ్చేవాళ్ళకి ఇంకో మాట. దీనికి పరగడుపు అక్కర్లేదు. పొద్దున్నే పూరీ తినే రండి.