రాహేలు ఎందుకు ఏడ్చింది?

చిన్నీ, బుజ్జీ,

మొన్న క్రిస్మస్ నాటకం అయ్యాక ఫోన్‌లో అడిగారు కదా, "తాతయ్యా, బైబిల్లో మత్తయి రాసిన సువార్త రెండో అధ్యాయంలో రాహేలు ఏడ్చిందని ఉంది. ఆవిడెవరు? మా నాటకంలో లేదే!" అని. ఆ వేషం ఎవరూ వేయరర్రా. జ్ఞానులు, నక్షత్రం, కానుకలు అయిపోగానే తెర దించేస్తాం. ఆ తర్వాతే హేరోదు రాజు బేత్లెహేములో రెండేళ్లు, అంతకంటే తక్కువ వయసున్న మగపిల్లలందర్నీ చంపించాడు.

రాహేలు ఆ తల్లుల్లో ఒకరు కాదు. వాళ్లకి వందల ఏళ్ల ముందటి మనిషి, యాకోబు భార్య. ప్రయాణంలో పురుడొచ్చి దారిలోనే చనిపోయింది. పోతూ పోతూ బిడ్డకి బెనోని అని పేరు పెట్టింది. 'నా దుఃఖపు కొడుకు' అని దానర్థం. యాకోబు ఆ పేరు ఉంచలేక బెన్యామీను అని మార్చాడు. ఆమెను బేత్లెహేము దారి పక్కనే పాతిపెట్టారు.

మరి చనిపోయినావిడ ఎలా ఏడ్చింది?

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా పక్కింట్లో ఒక పిల్లాడు జ్వరంతో పోయాడు. మా నాయనమ్మ పరిగెత్తుకెళ్లి, ఆ తల్లి మెడ పట్టుకుని శోకాలు పెట్టింది. తీరా వింటే ఆవిడ పిలుస్తున్నది ఆ పిల్లాణ్ణి కాదు, ఎప్పుడో చిన్నతనంలో పోయిన మా బాబాయిని! ఇంటికొచ్చాక అడిగాను, "వాళ్లబ్బాయి పోతే నువ్వు బాబాయిని పిలుస్తావేంటే?" అని. "ఏమోరా, నోటికి అదే వచ్చింది" అంది. ఆ పక్కింటావిడ ఏమీ అనుకోలేదు సరికదా, మర్నాటి నుంచి మా నాయనమ్మ చేతి గంజి తప్ప ఇంకెవరు పెట్టినా తాగలేదు. ఆ గంజిలో నాయనమ్మ వేసే వాము వాసన ఇప్పటికీ... సరే, అది ఇంకో ఉత్తరం.

మత్తయి కూడా అదే పని చేశాడు. బేత్లెహేము తల్లుల గురించి రాయాల్సి వచ్చేసరికి పాత శోకమే నోటికొచ్చింది. అది యిర్మీయా ప్రవక్తది, 31వ అధ్యాయం, 15వ వచనం. ఆయన కాలంలో, క్రీస్తుకు పూర్వం సుమారు 586లో, బబులోను సైన్యం యెరూషలేమును కాల్చేసి జనాన్ని చెరపట్టుకుపోయింది. సంకెళ్లతో వాళ్లను నిలబెట్టిన ఊరు రామా. యిర్మీయాను కూడా సంకెళ్లతో అక్కడిదాకా తెచ్చి విడిచిపెట్టారు. రామా అంటే బెన్యామీను వాళ్ల ఊరు, అంటే రాహేలు మనవలది. అందుకే ఆ తల్లి సమాధిలో కూడా ఊరుకోలేక ఏడుస్తోందని రాశాడాయన.

మన తెలుగు బైబిల్లో ఆ వచనంలో 'అంగలార్పు' అనే మాట ఉంది చూడండి, గుండెలవిసేలా ఏడవడమని. పైకి చదివితే గొంతు దానంతటదే బరువెక్కుతుంది. రాహేలు "ఓదార్పు పొందనొల్లక యుండెను" అట. ఎవరైనా ఏడుస్తుంటే మనం వెంటనే "ఊరుకో, ఊరుకో" అంటాం. మత్తయి అనలేదు. ఆ వచనం దగ్గరే ఆగిపోయాడు. నాకైతే అదే మంచిదనిపిస్తుంది. మీరూ మీ క్లాసులో ఎవరైనా ఏడిస్తే కాసేపు పక్కన కూర్చోండి చాలు.

కానీ యిర్మీయా అక్కడ ఆగలేదు. మత్తయి రాసింది మొదట విన్నవాళ్లు, వచనం ఒకటి పలికితే తర్వాతిది గుర్తొచ్చే జనం, మీరు వేమన పద్యం అందుకున్నట్టు. మత్తయి ఆపిన చోట వాళ్లకేం గుర్తొచ్చి ఉంటుందో నేను చెప్పను. అమ్మ బైబిలు తీసుకుని, ఒక వేలు మత్తయిలో పెట్టి, ఇంకో చేత్తో యిర్మీయా 31 తెరవండి. 16, 17 వచనాలు. చిన్నీ పైకి చదవాలి, బుజ్జి వినాలి. 'పిల్లలు' అన్న మాట మళ్లీ ఎక్కడొస్తుందో చూసి నాకు ఫోన్ చేయండి.

మీ తాతయ్య