డిగ్రీ అయ్యాక గ్రాఫిక్ డిజైన్‌లోకి: కొన్ని అపోహలు, అసలు సంగతులు

డిజైనర్ ఉద్యోగానికి ఫ్రెషర్లు పంపే పోర్ట్‌ఫోలియోలు (తాము చేసిన పనుల్లోంచి ఎంచి పెట్టినవి) చూడటం నా పనిలో ఒక భాగం. పక్కన పెట్టేయాల్సి వచ్చినవాటిలో చాలావాటికి కారణం టాలెంట్ లేకపోవడం కాదు. ఎవరో చెప్పిన మాట నమ్మి, అక్కర్లేని దానిమీద నెలలు ఖర్చు పెట్టి, కావలసింది వదిలేయడం. ఆ మాటల్లో తరచూ వినపడేవి ఇవి.

అపోహ: బొమ్మలు గీయడం రాకపోతే ఈ ఫీల్డ్ దండగ

గీయడం వస్తే మంచిదే. కానీ గ్రాఫిక్ డిజైనర్ రోజులో ఎక్కువ భాగం అక్షరాలతోనే గడుస్తుంది. ఏది ముందు కనపడాలి, ఏది వెనక్కి తగ్గాలి, ఏది అసలు ఉండక్కర్లేదు అని తేల్చుకోవడమే పని. లండన్ అండర్‌గ్రౌండ్ రైళ్ల మ్యాప్‌ను 1931లో కొత్తగా గీసిన హ్యారీ బెక్ ఆర్టిస్ట్ కాదు, ఇంజనీరింగ్ డ్రాయింగులు వేసే ఉద్యోగి. స్టేషన్ల మధ్య అసలు దూరాలను పక్కన పెట్టి, లైన్లన్నిటినీ నిలువు, అడ్డం, 45 డిగ్రీల వాలులోకి తెచ్చాడు. రైల్లో ఉన్నవాడికి పైన ఏ వీధి ఉందో అనవసరం, ఎక్కడ మారాలో తెలిస్తే చాలు. మొదట వద్దన్నారు. 1933లో అచ్చువేసి పంచితే జనం ఎగబడి తీసుకున్నారు. అలాంటి తీసివేతలు మీకు చేతనైతే బొమ్మల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అపోహ: డిజైన్ డిగ్రీ లేకపోతే ఎవరూ తీసుకోరు

కొన్ని పెద్ద సంస్థలు డిగ్రీ అడుగుతాయి, అది నిజమే. మిగతాచోట్ల ముందు చూసేది పనినే. న్యూయార్క్ సబ్‌వేకి 1972 నాటి మ్యాప్ చేసిన మాసిమో విన్యెల్లి చదివింది ఆర్కిటెక్చర్. డిజైన్ డిగ్రీ ఉన్నవాళ్లకు దక్కే అసలు లాభం సర్టిఫికెట్ కాదు, పదిమంది ముందు తమ పనిని విమర్శకు పెట్టే అలవాటు. అది లేనివాళ్లు ఎలాగోలా సంపాదించుకోవాలి. ఇంట్లోవాళ్లు, స్నేహితులు చెప్పే "చాలా బాగుంది"తో ఆ పని జరగదు.

అపోహ: ముందు సాఫ్ట్‌వేర్లన్నీ నేర్చేసుకోవాలి

1985లో పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ వచ్చింది. తర్వాత క్వార్క్ ఎక్స్‌ప్రెస్ హవా నడిచింది. 1999లో వచ్చిన ఇన్‌డిజైన్ దాన్నీ పక్కకు నెట్టింది. ఇప్పుడు స్క్రీన్ పనికి ఫిగ్మా. టూల్ మారిన ప్రతిసారీ కొత్తగా నేర్చుకున్నది మెనూలు, షార్ట్‌కట్లు మాత్రమే. గ్రిడ్ (పేజీని పట్టి ఉంచే గీతల చట్రం), కెర్నింగ్ (అక్షరాల మధ్య ఎడం), హైరార్కీ (ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస) ఎక్కడికీ పోలేదు.

అయితే ఏ పనికి ఏ టూల్ అన్నది మాత్రం ఖాయంగా తెలిసి ఉండాలి. లోగోని ఫొటోషాప్‌లో పిక్సెల్స్‌తో చేసి పంపితే, మిగతాదంతా ఎంత బాగున్నా నాకు అనుమానం మొదలవుతుంది. లోగో వెక్టర్‌లో ఉండాలి, అంటే చుక్కలతో కాకుండా ఎంత పెంచినా చెదరని గీతలతో. పెన్ను మీదకీ అదే, హోర్డింగ్ మీదకీ అదే. డబ్బులు పెట్టలేనివాళ్లు వెక్టర్ పనికి ఇంక్‌స్కేప్, పేజీలకు స్క్రైబస్‌తో మొదలుపెట్టినా తప్పేం లేదు, రెండూ ఉచితం.

అపోహ: పోర్ట్‌ఫోలియోలో ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది

ఆరేడు పనులు చాలు. ముప్ఫై పెడితే చూసేవాడికి గుర్తుండేది వాటిలో అన్నిటికంటే బలహీనమైనదే. "దీన్ని కూడా పెట్టాడంటే తేడా తెలియడం లేదన్నమాట" అనుకుంటారు. గాల్లో తేలే విజిటింగ్ కార్డులు, గోడమీద మెరిసే లోగోల మాకప్‌లైతే (నిజం వస్తువు మీద ఉన్నట్టు చూపే రెడీమేడ్ బొమ్మలు) అందరి పోర్ట్‌ఫోలియోల్లోనూ అవే ఉంటాయి. చూసీ చూసీ కళ్లు వాటిని దాటేస్తాయి.

"క్లయింట్లే లేరు కదా, ఏం పెట్టాలి?" అని అడుగుతారు. పెద్ద బ్రాండ్ల లోగోలు మార్చి పెట్టడం మానేసి, రోజూ జనాన్ని ఇబ్బంది పెట్టే ఒక కాగితాన్ని తీసుకోండి. ఒకమ్మాయి రక్తపరీక్ష రిపోర్ట్‌ని తీసుకుంది. మామూలుగా అందులో పరీక్ష పేరు, ఫలితం, ఉండాల్సిన పరిమితి అన్నీ ఒకే సైజులో ఉంటాయి, తేడా ఉన్నచోట ఒక చిన్న చుక్క గుర్తు. ఆ అమ్మాయి తేడా ఉన్న ఫలితాలను పైకి తెచ్చింది, పరిమితిని అంకెలతో పాటు ఒక గీతగా వేసి ఫలితం దానిమీద ఎక్కడ పడుతుందో చూపించింది. మొదటి వెర్షన్‌లో తేడాలన్నీ ఎర్ర రంగులో ఉన్నాయి. ఆ కాగితాన్ని బ్లాక్ అండ్ వైట్‌లో జిరాక్స్ తీస్తే ఎరుపు, నలుపు ఒకేలా కనిపించాయి. దాంతో రంగును నమ్ముకోకుండా అక్షరం బరువు పెంచింది. వద్దనుకున్న వెర్షన్లను కూడా, ఎందుకు వద్దనుకుందో ఒక్కో వాక్యంలో రాసి పక్కనే పెట్టింది. ఇంటర్వ్యూలో మేం అడగాల్సిన ప్రశ్నలకు సగం జవాబులు ఆ రెండు పేజీల్లోనే దొరికాయి.

ఇంకో మాట. టీమ్‌తో చేసిన పనైతే మీరు చేసింది ఎంతవరకో రాయండి. పంపే ముందు ఆ లింకు వేరే ఫోన్‌లో తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. "యాక్సెస్ లేదు" అని వచ్చిన పోర్ట్‌ఫోలియో కోసం పర్మిషన్ అడుగుతూ కూర్చునే ఓపిక ఎవరికీ ఉండదు.

అపోహ: డిజైన్ అంటే అందంగా చేయడం

తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద లేత బూడిద రంగు అక్షరాలు అందంగానే ఉంటాయి. ఎండలో ఫోన్ చూసేవాడికి మాత్రం అవి కనిపించవు. వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి. చాలామంది వాడే 999999 అనే కోడ్ ఉన్న బూడిద రంగు తెలుపు మీద 2.8 దగ్గరే ఆగిపోతుంది. 767676 దాకా ముదురు చేస్తే గట్టెక్కుతుంది. చూడటానికి తేడా కొంచెమే.

అపోహ: స్క్రీన్ మీద బాగుంటే ప్రింట్‌లోనూ బాగుంటుంది

కొత్తవాళ్లకు ఎక్కువ చివాట్లు పడేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. స్క్రీన్ వెలుతురుతో రంగు చూపిస్తుంది, ప్రెస్ ఇంకుతో చూపిస్తుంది. ఆర్జీబీలో (స్క్రీన్ వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుతురు) మెరిసిపోయే ఆకుపచ్చ, నీలం సీఎంవైకేలోకి (ప్రెస్ వాడే సయాన్, మజెంటా, పసుపు, నలుపు ఇంకులు) రాగానే నీరసపడతాయి. ఆ సంగతి ప్రింటయ్యాక కాదు, క్లయింట్‌కి రంగు చూపించేటప్పుడే తెలిసి ఉండాలి.

తర్వాత నలుపు. ఆర్జీబీ ఫైలును అలాగే మార్చేస్తే నల్ల అక్షరాలు నాలుగు ఇంకుల మిశ్రమంగా మారిపోతాయి. ప్రెస్‌లో ఒక్కో ఇంకును అచ్చువేసే ప్లేట్లు వెంట్రుకవాసి పక్కకు జరిగినా చిన్న అక్షరాల అంచుల్లో గులాబీ, నీలం నీడలు తేలతాయి. చదివే మ్యాటర్‌కి నల్ల ఇంకు ఒక్కటే 100 శాతం ఉంచాలి. పెద్ద నల్లటి భాగాలకైతే మిగతా ఇంకులు కొంత కలపవచ్చు, ఎంత అన్నది ప్రెస్‌వాళ్లనే అడగండి.

బ్లీడ్, అంటే కత్తిరించే గీత దాటి బయటికి పొడిగించే రంగు, సాధారణంగా నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు. అది వదలకపోతే కటింగ్‌లో కొద్దిగా తేడా వచ్చినా అంచున తెల్లగీత పడుతుంది. చేతిలో పట్టుకుని చూసేవాటికి ఫొటోలు అసలు సైజులో 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెల్స్) ఉండాలి, దూరం నుంచి చూసే బ్యానర్‌కి అంత అక్కర్లేదు. ఫైల్ పంపే ముందు ఒక్కసారి ప్రెస్‌కి వెళ్లి గంటసేపు నిలబడి చూస్తే ఇవన్నీ బుర్రలో దిగిపోతాయి. ఏ కోర్సూ ఇంత త్వరగా నేర్పదు.

అపోహ: క్లయింట్‌కి టేస్ట్ ఉండదు

"లోగో పెద్దది చేయండి" అంటే చాలాసార్లు "మా పేరు కనపడటం లేదు" అని అర్థం. చుట్టూ ఖాళీ పెంచినా సమస్య తీరవచ్చు. ఏం మార్చాలని కాదు, ఎందుకని అడగండి.

అపోహ: మొదట్లో ఫ్రీగా చేస్తే తర్వాత పేరొస్తుంది

ఫ్రీగా చేయమని అడిగేవాళ్లు నైకీ కథ చెప్తారు. 1971లో క్యారొలిన్ డేవిడ్సన్ అనే విద్యార్థిని 35 డాలర్లకు ఆ లోగో చేసింది, నిజమే. 1983లో కంపెనీ ఆమెకు షేర్లు కూడా ఇచ్చింది. అలా జరగడం అరుదు కాబట్టే అది కథ అయింది. పైగా ఆమె కూడా ఫ్రీగా చేయలేదు. మీకు నచ్చిన స్వచ్ఛంద సంస్థకి ఉచితంగా చేయడం వేరు. "శాంపిల్ చూపించండి, నచ్చితే డబ్బులిస్తాం" అనేవాళ్లకు చేయడం వేరు. రెండోదానికి నేనైతే ఒప్పుకోను.

అపోహ: ఏఐ వచ్చాక ఫ్రెషర్లకు పనే లేదు

బ్యాక్‌గ్రౌండ్ తీసేయడం, ఒకే పోస్టర్‌ని పది సైజుల్లోకి మార్చడం లాంటి పనులు తగ్గాయి. ఫ్రెషర్లు చేయి తిప్పుకునేది వాటిమీదే కాబట్టి ఇది చిన్న దెబ్బేం కాదు. కానీ మెషీన్ ఇచ్చిన బొమ్మలో స్పెల్లింగ్ సరిచూసేది, బ్రాండ్ రంగులోకి తెచ్చేది, ప్రెస్‌కి పంపే ఫైలుగా మార్చేది ఇప్పటికీ మనిషే. పూర్తిగా మెషీన్ చేసిన బొమ్మకు అమెరికా కాపీరైట్ ఆఫీసు కాపీరైట్ ఇవ్వదు. కాబట్టి ఎక్కడ ఏఐ వాడారో క్లయింట్‌కి ముందే చెప్పడం మంచిది.

అపోహ: ఉద్యోగం కంటే ఫ్రీలాన్సింగే హాయి

కొందరికి నిజంగానే హాయి. అయినా ఒకట్రెండేళ్లు సీనియర్ల పక్కన కూర్చుంటేనే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే మీ ఫైల్ తెరిచి తిట్టేవాళ్లు ఫ్రీలాన్సింగ్‌లో ఉండరు. తప్పదనుకుంటే పని మొదలుపెట్టక ముందే నాలుగు విషయాలు మెయిల్‌లో రాసుకోండి: అడ్వాన్స్ ఎంత, మార్పులు ఎన్నిసార్లు, మధ్యలో ఆపేస్తే ఎంత ఇవ్వాలి, ఒరిజినల్ ఫైళ్లు ఇస్తారా లేదా. చాలా గొడవలు చివరిదాని దగ్గరే వస్తాయి. ఒరిజినల్ ఫైళ్లు ఇస్తున్నా వాటితోపాటు మీరు కొన్న ఫాంట్లను కాపీ చేసి ఇచ్చేయకూడదు. ఆ లైసెన్సు సాధారణంగా మీ ఒక్కరికే. క్లయింట్ వాడుకోవాలంటే విడిగా కొనుక్కోవాలి, ఆ ఖర్చు సంగతి కొటేషన్‌లోనే రాయండి.