చైనా పరిశోధకుల దృష్టిలో మిషిగన్ యూనివర్సిటీ: అపోహలు - వాస్తవాలు

అపోహ: చైనా ప్రొఫెసర్లకు హార్వర్డ్, యేల్ తప్ప ఇంకో పేరు ఆనదు.

వాస్తవం: అమెరికాలోని మిషిగన్ కూడా బాగానే ఆనుతుంది. ఆ పేరు తెచ్చింది ర్యాంకు కాదు, చదువుకుని తిరిగి వెళ్లినవాళ్లు. షి మెయ్‌యూ, కాంగ్ చెంగ్ 1896లో ఇక్కడ డాక్టర్లై చైనాలో ఆసుపత్రులు నడిపారు. ఆసియా మహిళల కోసం 1917లో మొదలైన బార్బర్ స్కాలర్‌షిప్‌తో వూ యీఫాంగ్ 1928లో పీహెచ్‌డీ పూర్తిచేసి, నాన్‌జింగ్‌లోని జిన్‌లింగ్ మహిళా కాలేజీకి అధ్యక్షురాలయ్యారు. మన వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్ కూడా బార్బర్ స్కాలరే! చైనా అణు కార్యక్రమాన్ని ముందుండి నడిపిన ఝు గ్వాంగ్యా పీహెచ్‌డీ కూడా ఇక్కడిదే.

అపోహ: ప్రపంచ యూనివర్సిటీలకు ఇచ్చే షాంఘై ర్యాంకు పెరిగిందంటే పాఠాలు బాగా చెబుతున్నట్టే.

వాస్తవం: 2003లో మొదలైన ఆ ర్యాంకులో పాఠం చెప్పడానికి మార్కులే లేవు. నోబెల్, ఫీల్డ్స్ మెడల్ (గణితంలో పెద్ద పురస్కారం) అందుకున్న పూర్వ విద్యార్థులకు 10 శాతం, అధ్యాపకులకు 20, సైటేషన్లు (ఇతరుల పేపర్లలో ప్రస్తావనలు) ఎక్కువున్న పరిశోధకులకు 20, నేచర్, సైన్స్ పత్రికల్లో వచ్చిన పేపర్లకు 20, మొత్తం పేపర్లకు 20, అధ్యాపకుల సంఖ్యతో భాగించే తలసరి లెక్కకు 10. ఉదాహరణకు, భౌతిక శాస్త్రవేత్త శామ్యూల్ టింగ్ 1962లో మిషిగన్‌లోనే పీహెచ్‌డీ చేశారు. 1976లో నోబెల్ వచ్చేనాటికి ఎంఐటీలో ఉన్నారు. అందుకే అధ్యాపకుడి మార్కు ఎంఐటీకి, పూర్వ విద్యార్థి మార్కు మిషిగన్‌కు పడతాయి.

అపోహ: ఒప్పందం రద్దయితే సంబంధం తెగినట్టే.

వాస్తవం: షాంఘై జియావో టాంగ్ యూనివర్సిటీతో 2006లో పెట్టిన జాయింట్ ఇన్‌స్టిట్యూట్ నుంచి తప్పుకుంటున్నామని 2025 జనవరిలో మిషిగన్ ప్రకటించింది. రెండేళ్లు షాంఘైలో, రెండేళ్లు మిషిగన్ యూనివర్సిటీ ఉన్న ఆన్ ఆర్బర్‌లో చదివి రెండు పట్టాలు అందుకునే దారి అది. మూతపడటం నిజంగా బాధాకరం. అయినా కలిసి పేపర్లు రాసేవాళ్ల మధ్య బంధం సంతకాల మీద నిలిచేది కాదు.

అపోహ: విజిటింగ్ స్కాలర్‌గా వచ్చేవాళ్లకు జే-1 వీసా (అమెరికా ఎక్స్ఛేంజ్ వీసా) ఏ కేటగిరీ అయినా ఒకటే.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పని ఆరు నెలల లోపుదైతే, ఆ వీసాకు కావాల్సిన డీఎస్-2019 ఫారం తయారుకాకముందే 'షార్ట్ టర్మ్ స్కాలర్' కేటగిరీ అడగాలి. 'రీసెర్చ్ స్కాలర్'గా వచ్చి నాలుగు నెలలకే ముగించుకుంటే, ఐదేళ్ల గడువులో మిగిలిందంతా పోతుంది, మళ్లీ అదే కేటగిరీలో రావడానికి 24 నెలలు ఆగాలి. చైనా ప్రభుత్వ సంస్థ అయిన చైనా స్కాలర్‌షిప్ కౌన్సిల్ డబ్బుతో వచ్చినవాళ్లకు రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నిబంధన వేరు. ఈ రెండింటినీ కలిపేసుకుని, ఒకటి తీరితే రెండోదీ తీరినట్టే అనుకోవద్దు.