సంచిలో ఎన్ని ఎద్దులు?

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి, మన మెట్ల దగ్గర చెప్పులు వేసుకునే ఓపిక కూడా లేకుండా ఆటకు ఉరికే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఉస్మానియా యూనివర్సిటీలో డిస్క్ గోల్ఫ్, అదే పళ్ళెం లాంటి డిస్కును విసిరి వీలైనన్ని తక్కువ విసుర్లలో గురికి చేర్చే ఆట, ఆడుతుంటే వాన వచ్చి మన మాట సగంలో ఆగిపోయింది. అందరం వేపచెట్టు కిందికి పరిగెత్తాం. ఇంటికి వచ్చాక మిర్చి బజ్జీల సందడిలో పడి మీరు మరిచిపోయారు గానీ, బుజ్జి అడిగిన మాట నా మనసులోనే ఉండిపోయింది. "తాతయ్యా, బాబాయి అమెరికా నుంచి 14 డిస్కులు పంపాడు. అన్నీ వేసుకుంటే సంచి భుజం గుంజుతోంది. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?" ఆ వెంటనే ఇంకో ప్రశ్న. "అన్నిట్లోకి గొప్పది అన్నాడే, అదే ఎంత గట్టిగా విసిరినా ఎడమకే ఎందుకు పోతుంది?"

ఇవాళ మీరు బడికి వెళ్ళాక సంచి గుమ్మరించి డిస్కులన్నీ మంచం మీద వరసగా పరిచాను. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, తిప్పి, అంచు తడిమి, దాని మీద ఉన్న అంకెలు చదువుతూ కూర్చున్నాను. అలా తడుముతుంటే మా నాయన గుర్తొచ్చాడు. అంగట్లో ఎద్దును కొనేముందు ఆయన కూడా ఇట్లాగే తడిమేవాడు.

మాది భువనగిరి వైపు పల్లె. నాకు పదేళ్ళప్పుడు ఎద్దును కొనడానికి మా నాయన నన్ను వెంటబెట్టుకుని పశువుల అంగడికి పోయాడు. ముందు ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసేవాడు. రెండు పళ్ళా, నాలుగా, ఆరా అని లెక్కబెడితే వయసు తెలుస్తుంది. తర్వాత సుళ్ళు, గిట్టలు, మూపురం చూసేవాడు. ఇన్ని చూసినా డబ్బు తీసేవాడు కాదు. ఎద్దును బండికి కట్టించి అంగడి చివరిదాకా తోలి, వెనక్కి తెచ్చి, అప్పుడు బేరం మొదలుపెట్టేవాడు. "పళ్ళు అమ్మేవాడు చూపిస్తాడు. నడక మాత్రం ఎద్దే చూపించాలిరా" అనేవాడు.

డిస్కు మీద నాలుగు అంకెలు ఉంటాయి కదా, అవే దాని పళ్ళు. మొదటిది స్పీడ్. ఇది చాలా మంది పొరబడే అంకె. డిస్కు మనకు ఇచ్చే వేగం కాదు అది, మన చేతిని అది అడిగే వేగం. చిన్న అంకె ఉన్నవి నెమ్మది చేతికి కూడా లొంగుతాయి. 12, 13 అని ఉన్నవి పెద్దవాళ్ళ బలమైన విసురు అడుగుతాయి. రెండోది గ్లైడ్, అంటే గాలిలో ఎంతసేపు తేలుతుందో. మూడోది టర్న్. కుడిచేతివాళ్ళు మామూలుగా, చేతిని ఛాతీ ముందు నుంచి తెచ్చి విసిరితే, వేగంగా ఉన్నప్పుడు డిస్కు ఎంత కుడికి ఒరుగుతుందో ఈ అంకె చెబుతుంది. మైనస్ ఎంత పెద్దదైతే అంత ఎక్కువ ఒరుగుతుంది. నాలుగోది ఫేడ్. డిస్కు అలిసిపోయి వేగం తగ్గాక, చివర్లో ఎంత ఎడమకు లాగుతుందో అది.

ఇప్పుడు ఎద్దుల దగ్గరికి వస్తాను. కాడికి రెండు పక్కలా రెండు ఎద్దులు. ఎడమ పక్కది దాపటెద్దు, కుడి పక్కది ఎలపటెద్దు. దాపటిది మొండిదైతే బండి ఎడమకు లాగుతుంది, ఎలపటిది లాగితే కుడికి. ప్రతి డిస్కులోనూ ఈ రెండెద్దులూ ఉన్నాయనుకోండి. విసిరిన కొత్తలో ఎలపటిది ఉరుకుతుంది, అది టర్న్. చివర్లో దాపటిది లాగుతుంది, అది ఫేడ్. ఎలపటిది లేవాలంటే తగిన వేగం ఉండాలి. వేగం చాలకపోతే అది నిద్రలేవదు, దాపటిది ఒక్కటే బండి మొత్తాన్ని ఎడమకు ఈడ్చుకుపోతుంది.

బుజ్జీ, నీ గొప్ప డిస్కు కథ ఇదే. దాని మీద 12, 5, మైనస్ 1, 3 అని ఉంది. డిస్కులు తయారుచేసే ఇన్నోవా కంపెనీ వాళ్ళ డిస్ట్రాయర్ అది. బాబాయి లాంటి వాళ్ళు విసిరితే దూరం తేలిపోయి, చివర్లో వంపు తిరిగి దిగుతుంది. అది 12 అడుగుతోంది, నీ చెయ్యి ఇంకా ఆరో ఏడో ఇస్తోంది. దాని అంచు కూడా వెడల్పు, నీ వేళ్ళకు పట్టు చిక్కదు. నీ విసురులో తప్పు వెతుక్కోవద్దు.

ఆ అంగట్లో మా నాయన ఒక తెల్ల కోడెను కొన్నాడు. ఎంత అందంగా ఉండేదో. నేనే తోలతానని ఏడ్చి, అన్నం మానేసి, ఒకనాడు పల్లీ బస్తాల బండికి దాన్ని దాపట కట్టించుకుని ఎక్కాను. ఊరి బయటికి వచ్చేవరకు బాగానే ఉంది. చెరువు కట్ట దిగేచోట అది ఎడమకు ఒక్క లాగు లాగింది. పగ్గం నా చేతిలోంచి జారింది, చక్రం పొలంలోకి దిగింది, రెండు బస్తాలు బురదలో పడ్డాయి. మా నాయన తిట్టలేదు. పల్లీలన్నీ కడిగి చాపల మీద ఆరబోశాక నన్ను కొట్టంలోకి తీసుకుపోయి ముసలెద్దు పగ్గం నా చేతికిచ్చాడు. "రెండేళ్ళు దీన్ని తోలు. తోలడం నీకు ఇదే నేర్పుతుంది" అన్నాడు. నిజంగానే అది నేర్పింది. పగ్గం కొంచెం కదిపితే కొంచెం తిరిగేది, ఎక్కువ కదిపితే ఎక్కువ తిరిగేది. నేను చేసిన ప్రతి తప్పూ దాని నడకలో నాకు కనిపించేది. కోడె నడకలో దాని మొండితనం తప్ప నా తప్పేదో తెలిసేది కాదు.

అందుకే ఆ 14లోంచి నీకోసం ముందు తీసి పక్కన పెట్టింది లెపర్డ్. 6, 5, మైనస్ 2, 1. మెత్తని ఎద్దు. నీ చేతికి తగినంతగా అడుగుతుంది, సూటిగా పోయి కొంచెం కుడికి ఒరిగి, మళ్ళీ చివర్లో నెమ్మదిగా సర్దుకుంటుంది. మణికట్టు వంకర తిరిగితే వెంటనే చూపించేస్తుంది. దానికి తోడు డిస్క్‌క్రాఫ్ట్ వాళ్ళ బజ్ ఒకటి. 5, 4, మైనస్ 1, 1. చెట్ల మధ్య సందులోంచి సూటిగా పంపాలంటే దానికి మించింది మీ సంచిలో లేదు.

ఇంకో సంగతి. లెపర్డ్‌లు రెండున్నాయి, ఒకటి మామూలు ప్లాస్టిక్, ఇంకొకటి గాజులా మెరిసే ఖరీదు ప్లాస్టిక్. మామూలుది మన హైదరాబాద్ రాళ్ళకు రెండుసార్లు తగిలితే చాలు, అంచు గీసుకుపోతుంది. అయ్యో పాడైపోయిందని చిన్ని మొహం చిన్నబుచ్చుకుంది మొన్న. పాడవలేదమ్మా. డిస్కులు ఎద్దుల్లాగే వయసుతో మెత్తబడతాయి. దెబ్బలు తిన్నకొద్దీ చివరి ఎడమ లాగుడు తగ్గి కుడి ఒరుగుడు పెరుగుతుంది. ఖరీదు ప్లాస్టిక్ కూడా మెత్తబడుతుంది గానీ చాలా ఆలస్యంగా. బాగా ఆడేవాళ్ళు ఒకే రకం డిస్కును కొత్తది ఒకటి, నడివయసుది ఒకటి, ముసలిది ఒకటి సంచిలో పెట్టుకుని తిరగడం బాబాయి వాళ్ళ ఊరి పార్కులో నేను చూశాను. మా కొట్టంలోనూ మూడు వయసుల ఎద్దులుండేవి. దుక్కికి ఒకటి, బండికి ఒకటి, పిల్లలకు ఒకటి. పాతబడిన వస్తువును పారేసేముందు, ఇప్పుడు దానికి కొత్తగా ఏ పని చేతనైందో చూడాలి. ఇది డిస్కుల గురించే కాదు, కొంచెం గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఆషాఢం గాలి సంగతి. ఈ నెలల్లో మన ఊళ్ళో గాలి పడమటి నుంచి వీస్తుంది, బాల్కనీలో ఆరేసిన బట్టలు చూస్తే మీకే తెలుస్తుంది. మీరు సాయంత్రం పొద్దుగూకే వైపు విసురుతున్నారు, అంటే గాలికి ఎదురు. ఎదురు గాలిలో డిస్కుకు నువ్వు ఇంకా గట్టిగా విసిరినట్టే ఉంటుంది. ఎలపటెద్దు రెచ్చిపోతుంది. లెపర్డ్ అందుకే మొన్న కుడికి తిరగబడి గడ్డిలో పడింది. గాలి వెనక నుంచి వస్తే తలకిందులు, డిస్కు నెమ్మదిగా విసిరినట్టు ప్రవర్తించి త్వరగా ఎడమకు దిగిపోతుంది. కాబట్టి ఈ కాలానికి ఒక మొండెద్దు కావాలి, కానీ నీ చేతికి లొంగే మొండెద్దు. రాక్ అని ఉంది చూడు, 4, 4, 0, 3. అడిగే వేగం తక్కువ, దాపటి లాగుడు గట్టిది. గాలి ఎంత ఊపినా తన దారి వదలదు. దసరా తర్వాత గాలి తగ్గాక దాన్ని ఇంట్లో పెట్టేయొచ్చు. సంచి కాలంతో పాటు మారాలి.

చిన్నీ, నీది ఎడమచేతి వాటం. నేను చెప్పిన కుడి ఎడమలన్నీ నువ్వు తిరగేసి చదువుకో. నువ్వు విసిరితే డిస్కు ముందు ఎడమకు ఒరిగి చివర్లో కుడికి లాగుతుంది. మా ఊళ్ళో దాపట అలవాటైన ఎద్దును ఎలపట కడితే కాడి కిందికే వచ్చేది కాదు. డిస్కుకు ఆ పట్టింపు లేదు. బుజ్జికి అడ్డం వచ్చే చెట్టు నీకు దారి ఇస్తుంది. ఇద్దరూ ఒకే డిస్కు విసిరి చూడండి, అద్దంలో చూసినట్టు ఉంటుంది.

ఇక పటర్, అంటే చివర్లో దగ్గర నుంచి గురిలో వేసే డిస్కు. దీని దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే మీరు ఎప్పుడూ దీన్నే చిన్నచూపు చూస్తున్నారు. ఏవియార్, 2, 3, 0, 1. దూరం పోదు, చూడ్డానికి గిన్నె మూతలా ఉంటుంది. కానీ మా ముసలెద్దు సాయంత్రం పగ్గం వదిలేసినా తనంతట తానే కొట్టం చేరేది. ఆటలో ఇల్లు చేర్చేది పటరే. చివరి 10 మీటర్ల లోపల నుంచి విసిరేటప్పుడు, ముందటి విసురు పడ్డచోటి గుర్తు దాటి అడుగు పడకూడదని నియమం కూడా ఉంది. విసిరాక తూలకుండా నిలబడాలి, అంటే అక్కడ బలంతో పనిలేదు, నిదానం కావాలి. పటర్లు రెండు, ఒకే రకానివి పెట్టుకోండి. ఒకటి విసిరి, వెంటనే అదే చోట నుంచి రెండోది విసరవచ్చు.

ఈ ఆటను ఒక పద్ధతిలో పెట్టినాయన ఎడ్ హెడ్రిక్. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు ఆయనే వేశాడు. అప్పుడు గొలుసుల బుట్టలు లేవు, పాతిన స్తంభాలకే గురి. స్తంభానికి తగిలిందా లేదా అని తగవులు రాకుండా ఆ తర్వాత గొలుసులు వేలాడే బుట్టను తయారుచేశాడు. మనం వేపచెట్టుకు గురిపెట్టి ఆడుతున్నామని మీరు సిగ్గుపడనక్కర్లేదు. ఆయన 2002లో పోయినప్పుడు, ఆయన కోరిక ప్రకారమే చితాభస్మాన్ని కొన్ని డిస్కుల్లో కలిపి అచ్చు పోశారట. బాబాయి వాళ్ళ పార్కులో బుట్టలో డిస్కు పడి గొలుసులు గలగలమన్న మొదటిసారి నేను అక్కడే నిలబడిపోయాను. సరిగ్గా మా ఎద్దుల మెడలో మువ్వల పట్టెడ మోత అది.

మొత్తం లెక్క చూసుకోండి. పటర్లు రెండు, బజ్ ఒకటి, లెపర్డ్ ఒకటి, ఈ గాలికి రాక్ ఒకటి. అయిదు. గోల్ఫులో 14 కర్రలకు మించి తీసుకుపోకూడదు గానీ, ఈ ఆటలో డిస్కులకు అలాంటి హద్దు లేదు. ఇరవై మోసేవాళ్ళూ ఉన్నారు. మోయగలిగినన్ని కాదు, నడక తెలిసినన్నే పెట్టుకోండి. కొట్టంలో ఎద్దులు పెరిగితే ఒక్కదాని ఒంటి మీదా చెయ్యి వెయ్యడానికి తీరేది కాదు మా నాయనకు. మిగతా తొమ్మిదింటినీ అటక మీద పెడతాను, మీ చేతులు పెరుగుతుంటే ఒక్కొక్కటే దిగుతాయి.

చిన్న చిన్నవి కొన్ని. అడుగున రాసిన బరువు చూసుకోండి. 175 గ్రాములవి పెద్దవాళ్ళకు, మీకు 150 చుట్టుపక్కల ఉన్నవి హాయి. ఆకుపచ్చ డిస్కు వద్దు, వానకు పెరిగిన గడ్డిలో దొరకదు. గులాబీ రంగో నారింజో మేలు. గడ్డిలో వెతికేటప్పుడు ముందు కర్రతో తట్టండి, తర్వాతే చెయ్యి పెట్టండి. సంచిలో పాత తువ్వాలు ఉండాలి, తడి డిస్కు చేతిలోంచి జారుతుంది. నడిచే పెద్దవాళ్ళు ఎదురుగా ఉంటే ఆగండి. వాళ్ళు దాటిపోయేదాకా డిస్కు చేతిలో ఉంటే మీకు పోయేదేమీ లేదు, తగిలితే మాత్రం వాళ్ళకు చాలా పోతుంది.

తిరిగే వస్తువు అలిసిపోగానే ఒక పక్కకే ఎందుకు లాగుతుందని బుజ్జి మళ్ళీ అడుగుతాడని తెలుసు. దానికి లెక్కలున్నాయి, పెద్ద తరగతుల్లో చదువుకుంటారు. దానికంటే ముందు ఒక పని చేయండి. శనివారం పొద్దున్నే, గాలి లేవకముందే పోదాం. గీసుకుపోయిన లెపర్డ్ ఒక్కటే తీసుకుందాం. పదిసార్లు విసరండి. ఎంత దూరం పోయిందని చూడొద్దు. గాలిలో పోతూ పోతూ వేగం చచ్చి, ఒక్క క్షణం నిలబడినట్టు అయి, ఇటా అటా అని ఆలోచించినట్టు ఒరుగుతుంది చూడండి, ఆ చోటు మాత్రమే చూడండి. నేను వేపచెట్టు దగ్గర నిలబడి పడ్డచోటల్లా ఒక రాయి పెడతాను. పది రాళ్ళూ ఎక్కడెక్కడ ఉన్నాయో మీరే వచ్చి చూద్దురు గానీ. ఫ్లాస్కులో పాలు తెస్తాను.

మీ తాతయ్య
తార్నాక